పన్నెండు రోజుల్లో ఇటలీ చారిత్రక నగరాలు: వేటిని ఉంచుకోవాలి, వేటిని వదులుకోవాలి?

ప్రశ్న (విశాఖపట్నం నుంచి)

అందరికీ నమస్కారం. వచ్చే అక్టోబరులో మా అమ్మను వెంటబెట్టుకుని పన్నెండు రోజులు ఇటలీ వెళ్తున్నాను. అమ్మ ముప్పై ఏళ్లకు పైగా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధించి పదవీ విరమణ చేశారు. ఏటా పునరుజ్జీవన యుగం పాఠానికి వచ్చేసరికి ఫ్లోరెన్స్‌లో బ్రూనెలెస్కీ కట్టిన గుమ్మటాన్ని నల్లబల్ల మీద సుద్దముక్కతో గీసి చూపించేవారు. ఆ గుమ్మటం కింద ఆవిడను నిలబెట్టాలన్నదే ఈ ప్రయాణానికి అసలు కారణం.

రోమ్‌లో దిగి వెనిస్ నుంచి తిరిగి వచ్చేలా విమానం టికెట్లు తీసుకున్నాను. మధ్యలో నేపుల్స్, పాంపే, సియెనా, పీసా, ఫ్లోరెన్స్, లుక్కా, బొలోన్యా, రవెన్నా, వెరోనా అని రాసుకున్నాను కానీ, కాగితం మీద చూస్తే రోజూ సూట్‌కేసు సర్దుకోవడమే పనిగా కనిపిస్తోంది. అమ్మకు అరవై ఏడేళ్లు. మోకాళ్ల నొప్పుల వల్ల మెట్లు ఎక్కువగా ఎక్కలేరు, చదునైన దారిలో అయితే గంటసేపైనా నెమ్మదిగా నడుస్తారు. ఇద్దరమూ శాకాహారులం. వీటిలో ఏ ఊళ్లను వదిలెయ్యాలో, ఎక్కడెక్కడ మకాం పెట్టాలో, కారు అద్దెకు తీసుకోవడం మంచిదో రైలే మంచిదో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు 1 (బొలోన్యాలో పరిశోధన చేస్తున్న విద్యార్థిని)

నమస్కారమండీ. ముందుగా నేపుల్స్, పాంపే, పీసా, వెరోనా కొట్టెయ్యండి. పాంపే ఎంత గొప్పదైనా నీడలేని ఆవరణలో, ఎగుడుదిగుడు రాళ్లు పరిచిన వీధుల్లో నడవాలి కనుక మీ అమ్మగారి మోకాళ్లకు అది పెద్ద పరీక్షే అవుతుంది. అవి తీసేస్తే మిగిలేది దాదాపు ఒకే గీత: రోమ్, ఫ్లోరెన్స్, బొలోన్యా, వెనిస్ నాలుగూ ఒకే ప్రధాన రైలుమార్గం మీద ఉన్నాయి. ఫ్లోరెన్స్ నుంచి బొలోన్యాకు వేగవంతమైన రైలులో నలభై నిమిషాలు కూడా పట్టదు. ఆ రైళ్లకు టికెట్లు ముందుగా కొంటే బాగా చవక. ప్రాంతీయ రైళ్లకు మాత్రం ధర ఎప్పుడూ ఒక్కటే కాబట్టి తొందరపడనక్కర్లేదు, కానీ కాగితం టికెట్ కొంటే ఎక్కే ముందు ప్లాట్‌ఫారం దగ్గరి యంత్రంలో తప్పకుండా ముద్ర వేయించుకోవాలి.

నేనున్న ఊరు కాబట్టి పక్షపాతం అనుకున్నా సరే, మీ అమ్మగారి లాంటివారికి బొలోన్యా కంటే అనువైన పాత నగరం ఇటలీలో నాకు తెలియదు. ఎండైనా వానైనా ఇక్కడ ఊరంతా నీడలోనే నడవవచ్చు. ఇళ్ల ముందు కమానులతో కట్టిన పంచలు ఒకదానికొకటి కలిసిపోయి మొత్తం అరవై కిలోమీటర్లకు పైగా సాగుతాయి. వాటి పుట్టుక కథ ఎంతో బాగుంటుంది. 1088లో మొదలైందని చెప్పుకునే విశ్వవిద్యాలయానికి దేశదేశాల విద్యార్థులు వచ్చి చేరడంతో ఊళ్లో ఇళ్లు చాలలేదు. జనం పై అంతస్తులను వీధి మీదికి జరిపి, కింద స్తంభాలు ఊతగా పెట్టారు. 1288లో నగర పాలకులు దాన్నే చట్టం చేసి, కొత్త ఇల్లు కట్టినవారంతా ఇంటి ముందు పంచ కట్టి తీరాలన్నారు. స్థలం ఇంటివారిది, నడిచే హక్కు ఊరందరిది. మన పల్లెల్లో దారిన పోయేవారు కూర్చునే వీధి అరుగులు గుర్తొచ్చి, వచ్చిన కొత్తలో నాకు ఈ పంచల కింద నడుస్తుంటే బెంగ కొంత తగ్గేది.

ఇక్కడ మీ అమ్మగారికి తప్పకుండా చూపించవలసినది సాన్ పెట్రోనియో చర్చి. 1655లో ఖగోళ శాస్త్రజ్ఞుడు కస్సీని దాని పైకప్పు దగ్గర చిన్న రంధ్రం చేయించి, నేల మీద దాదాపు 67 మీటర్ల పొడవున ఒక రేఖ గీయించాడు. మిట్టమధ్యాహ్నం ఆ రంధ్రంలోంచి పడే సూర్యబింబం సరిగ్గా ఆ రేఖను దాటుతుంది. వేసవిలో రంధ్రానికి దగ్గరగా, శీతకాలంలో రేఖ చివరకు చేరువగా పడుతుంది. సంవత్సరం పొడవును కొలవడానికి చర్చి నేలనే పరికరంగా వాడుకున్నారన్నమాట. ఇక్కడి జంట గోపురాల మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. పొట్టిదైన గరిసెండా మరీ ప్రమాదకరంగా ఒరిగిందని 2023 అక్టోబరులో చుట్టుపక్కలంతా మూసేశారు, పక్కనున్న అసినెల్లి మీదికి ఎక్కడం కూడా అప్పుడే ఆపేశారు.

జవాబు 2 (వరంగల్ నుంచి, విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు)

అమ్మాయి చెప్పిన దారి సరైనదే. బొలోన్యాలో మకాం పెట్టినప్పుడు ఒక పూర్తి రోజు రవెన్నాకు కేటాయించమని మాత్రం గట్టిగా చెబుతాను. ప్రాంతీయ రైలులో గంటంపావు ప్రయాణం. ఊరంతా చదును నేల. పశ్చిమ రోమన్ సామ్రాజ్యానికి 402 నుంచి అది రాజధాని. ఆ తర్వాత గోతులనే జర్మానిక్ తెగ రాజు థియొడోరిక్ అక్కడి నుంచే ఇటలీని ఏలాడు, 540లో కాన్‌స్టాంటినోపుల్ సేనలు దాన్ని గెలుచుకున్నాయి. పాఠ్యపుస్తకంలో రోమ్ పతనానికీ మధ్యయుగానికీ మధ్య ఖాళీగా వదిలేసే పుట ఒకటి ఉంటుంది చూడండి, రవెన్నాలో ఆ పుట రంగు గాజు ముక్కలతో గోడల మీద రాసి ఉంది.

సాన్ విటాలెలో జస్టీనియన్ చక్రవర్తినీ థియొడోరా మహారాణినీ అందరూ చూస్తారు, చూడాలి కూడా. 547లో ప్రతిష్ఠించిన ఆ చర్చిలో వారిద్దరూ ఎదురెదురు గోడల మీద పరివారంతో నిలబడి ఉంటారు. నా మనసులో ఎక్కువ కాలం నిలిచినది వేరు. సాంత్ అపొల్లినారె నువోవో అనే చర్చిని థియొడోరిక్ తన రాజభవనం పక్కనే కట్టించుకున్నాడు. అతనిది క్రైస్తవంలో ఏరియన్ అనే వేరు శాఖ. బైజాంటియన్లు, అంటే ఆ కాన్‌స్టాంటినోపుల్ వారు, వచ్చాక ఆ చర్చిని తమ శాఖకు మార్చుకుని, గోడ మీది రాజభవన చిత్రంలో స్తంభాల మధ్య నిలబడ్డ గోతు రాజపరివారాన్ని పెకలించి, ఆ ఖాళీల్లో తెల్లని తెరలు పొదిగించారు. అయితే స్తంభాల మీదికి చాచిన చేతులను తీయడం మరిచారో, స్తంభాలు చెడిపోతాయని వదిలేశారో గాని, మనుషులు లేని ఆ చేతులూ వేళ్లూ నేటికీ స్తంభాలను అంటుకునే ఉన్నాయి. రాజ్యం మారితే చరిత్రను ఎలా తుడిచేస్తారో, తుడిచినా ఏం మిగులుతుందో మీ అమ్మగారు ఏళ్ల తరబడి చెప్పిన పాఠం అక్కడ కళ్లెదుట కనిపిస్తుంది. దగ్గరగా చూడడానికి చిన్న దుర్భిణి వెంట తీసుకెళ్లండి.

రోమన్ మహారాణి గల్లా ప్లాచీదియా పేరిట ఉన్న సమాధి మందిరం చాలా చిన్నది. కొద్దిమందిని, కొన్ని నిమిషాలు మాత్రమే లోపలికి పంపిస్తారు కాబట్టి సమయం ముందే నమోదు చేసుకోవాలి. కిటికీలకు పలుచని అలబాస్టర్ రాతి పలకలు ఉండడం వల్ల లోపల తేనెరంగు మసక వెలుగు. కళ్లు అలవాటు పడేదాకా మాట్లాడకుండా నిలబడితే పైకప్పు మీది నీలాకాశంలో బంగారు చుక్కలు ఒక్కొక్కటే తేలి వస్తాయి. అక్కడి నుంచి దాంతే సమాధికి నడవండి. ఫ్లోరెన్స్ వెళ్లగొట్టిన ఆ కవి 1321లో రవెన్నాలోనే కన్నుమూశాడు. తర్వాత ఫ్లోరెన్స్ ఎంత అడిగినా ఈ ఊరు అస్థికలు ఇవ్వలేదు. సన్యాసులు గోడలో దాచిన ఆ అస్థికలు 1865లో గాని బయటపడలేదు. ఇప్పటికీ సమాధి దీపానికి నూనె ఏటా ఫ్లోరెన్స్ నుంచే వస్తుంది. పక్కనే ఉన్న సాన్ ఫ్రాంచెస్కో చర్చిలో వేదిక కింది గదిలోకి తొంగిచూస్తే, కుంగిన నేలలోకి ఊరిన నీళ్లలో పాత మొజాయిక్ నేల మీద చేపలు ఈదుతుంటాయి.

ఒక్క విషయంలో మాత్రం అమ్మాయి ప్రణాళికకు నా సవరణ. రోమ్ నుంచి నేరుగా ఫ్లోరెన్స్ వెళ్లకుండా ఒక రాత్రి సియెనాలో నిద్ర చేయండి. పగలు వచ్చిన బస్సులన్నీ సాయంత్రానికి వెళ్లిపోతాయి. అప్పుడు గవ్వలా లోపలికి వాలిన కాంపో మైదానంలో ఇటుక నేల మీద కూర్చుంటే, దాన్ని తొమ్మిది భాగాలుగా ఎందుకు విభజించారో అర్థమవుతుంది: 1287 నుంచి 1355 దాకా ఆ నగరాన్ని పాలించింది తొమ్మండుగురి సభ. నది లేని కొండ మీది ఊరు అది. నీటి కోసం భూమిలో ఇరవై అయిదు కిలోమీటర్ల మేర సొరంగాలు తవ్వుకున్నారు. కాకతీయుల చెరువుల నీడలో పెరిగిన నాకు ఆ సొరంగాల సంగతి తెలిశాక, మైదానం పైవైపునున్న ఫోంతె గాయా ఫౌంటెన్ అలంకారంగా అనిపించలేదు. 1339లో తమ కతీడ్రల్‌ను ఎంతో పెద్దది చేయాలని పని మొదలుపెట్టారు, 1348లో ప్లేగు వచ్చింది. కట్టడం అక్కడితో ఆగి, పైకప్పు లేని గోడ ఒకటి ఆకాశంలోకి అలాగే నిలిచిపోయింది.

జవాబు 3 (మ్యూనిక్‌లో ఉంటున్నాను, సొంత ఊరు తెనాలి)

నేను రెండేళ్ల కిందట మా అత్తమ్మను తీసుకుని ఇంచుమించు ఇదే దారిలో తిరిగాను కాబట్టి కొన్ని సంగతులు చెబుతాను.

కారు వద్దు. పాత నగరాల లోపలి భాగానికి బయటి వాహనాలు రాకూడదు. వీధి మొదట్లో ఒక పలక, పైన కెమెరా, అంతే ఉంటాయి. హోటల్ వెతుక్కుంటూ మేము ఒకే సాయంత్రం మూడుసార్లు ఆ గీత దాటామని నెలల తర్వాత ఇంటికి జరిమానా ఉత్తరాలు వస్తే గాని తెలియలేదు. కారు అద్దెకు ఇచ్చినవారు మా చిరునామా అందించినందుకు వేరే రుసుము కూడా పట్టుకున్నారు.

మాస్టారు చెప్పిన సియెనా అందమైనదే గాని, మోకాళ్ల దృష్టితో ఒక మాట చెప్పాలి. రైల్వేస్టేషన్ కొండ కింద ఉంటుంది. పైకి కదిలే మెట్ల వరుస ఉన్నా సామానుతో అది సుఖం కాదు, టాక్సీ మాట్లాడుకోండి. బస కాంపోకు దగ్గరగా, వీలైతే లిఫ్టు ఉన్నచోట తీసుకోండి. ఫ్లోరెన్స్ నుంచి ఒక రోజు లుక్కా వెళ్లండి. నాలుగు కిలోమీటర్లకు పైగా సాగే కోటగోడ పైన విశాలమైన చెట్ల దారి ఉంది. ఎక్కేటప్పుడే కాస్త వాలు, తర్వాత అంతా చదును. శత్రువుల ముట్టడి ఎన్నడూ ఎరగని ఆ గోడ 1812లో సెర్కియో నది పొంగినప్పుడు ద్వారాలు మూసి ఊరిని కాపాడింది. మా అత్తమ్మకు మొత్తం ప్రయాణంలో అన్నిటికంటే నచ్చింది అక్కడి బెంచీ మీద గడిపిన మధ్యాహ్నమే.

ఫ్లోరెన్స్ గుమ్మటం పైకి 463 మెట్లు, లిఫ్టు లేదు, కాబట్టి అది వద్దు. కతీడ్రల్‌కు దక్షిణం వైపు ఎదురుగా ఉన్న భవనం గోడలో బ్రూనెలెస్కీ శిలావిగ్రహం ఒకటుంది. ఒడిలో నక్షా పెట్టుకుని, తల పైకెత్తి తాను 1420 నుంచి 1436 దాకా కట్టిన గుమ్మటాన్నే చూస్తుంటాడు. మీ అమ్మగారిని అక్కడ నిలబెట్టండి, ఆయన చూసినవైపే ఆవిడా చూస్తారు. సాయంత్రం సిటీ బస్సులో కొండ మీది పియాజాలే మికెలాంజెలో అనే మైదానం దాకా వెళ్తే ఒక్క మెట్టు ఎక్కకుండా ఊరంతా కనిపిస్తుంది.

భోజనం విషయంలో జాగ్రత్త. కూరగాయల సూపులో కూడా మాంసపు రసం పోస్తారు కనుక అడిగి తీరాలి. రవెన్నా వైపు దొరికే పియాదీనా చూడడానికి మన రొట్టెలా ఉంటుంది గాని, సంప్రదాయంగా దాని పిండిలో పంది కొవ్వు కలుపుతారు. ఆలివ్ నూనెతో చేసినది ఉందా అని అడగండి. పర్మెజాన్ జున్నులో కూడా దూడ పొట్టలోంచి తీసిన పదార్థం పడుతుంది, పట్టింపు ఉంటే తెలుసుకుని ఉండడం మేలు. టమాటా, పాత రొట్టె కలిపి వండే పాపా అల్ పొమొదోరో ఫ్లోరెన్స్‌లో మా ఇద్దరి ప్రాణం నిలబెట్టింది, అయినా రసం సంగతి అడిగాకే తినండి. చర్చిల్లోకి భుజాలూ మోకాళ్లూ కప్పుకుని వెళ్లాలి. చీరకు ఆ ఇబ్బంది లేదు.

ప్రశ్న అడిగినవారు

ఇంత శ్రద్ధగా రాసిన ముగ్గురికీ కృతజ్ఞతలు. మాస్టారు రాసిన చేతుల సంగతి చదివి వినిపిస్తే అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత దుర్భిణి కొనమన్నారు. రోమ్‌లో మూడు రాత్రులు, సియెనాలో ఒకటి, ఫ్లోరెన్స్‌లో మూడు, బొలోన్యాలో రెండు, వెనిస్‌లో రెండు అని నిర్ణయించాం. లుక్కా, రవెన్నా పగటి ప్రయాణాలు. రెండు సందేహాలు మిగిలాయి. సాన్ పెట్రోనియోలో ఆ సూర్యబింబాన్ని చూడాలంటే ఎన్ని గంటలకు వెళ్లాలి? వెనిస్‌లో మెట్ల వంతెనలు అన్ని ఉంటాయి కదా, అమ్మకు ఏం చూపించగలను?

జవాబు 2

వెనిస్‌లో నీటి బస్సు మీద పెద్ద కాలువ వెంట ఒకసారి పూర్తిగా తిరగండి, వంతెనలు ఎక్కే పని లేకుండా భవనాలన్నీ ఎదురుగా వస్తాయి. ఓపిక ఉన్న పూట రియాల్టో దగ్గర కోర్తె సెకొందా దెల్ మిలియోన్ అనే చిన్న ఆవరణ వెతకండి. మార్కో పోలో ఇల్లు ఉండేది అక్కడే. మోటుపల్లి రేవునూ, అక్కడి సాలెగూడు లాంటి సన్నని నేతనూ, రాజ్యాన్ని న్యాయంగా ఏలిన రాణినీ వర్ణించినవాడు అతడే. ఆ రాణి మన రుద్రమదేవి అని చరిత్రకారులు గుర్తించారు. ఒకటి రెండు వంతెనలు దాటవలసి రావచ్చు, దానికోసం దాటవచ్చు.

జవాబు 1

అక్టోబరు మధ్యలో అయితే గడియారం ప్రకారం మధ్యాహ్నం సుమారు ఒంటిగంటకు బింబం రేఖను దాటుతుంది. పది నిమిషాల ముందే వెళ్లి రేఖ పక్కన నిలబడండి. మధ్యాహ్నం చర్చిలు మూసే అలవాటు ఇక్కడ ఉంది కాబట్టి, ఆ వేళకు తలుపులు తెరిచి ఉంటాయో లేదో ముందురోజే కనుక్కోండి. మబ్బు పడితే బింబం కనిపించదు. అందుకే బొలోన్యాలోని రెండు రోజుల్లో రవెన్నాను మబ్బు రోజుకు పెట్టుకుని, ఎండ కాసే రోజును ఊళ్లో ఉంచుకోండి. ప్రాంతీయ రైలే కాబట్టి టికెట్ అదే ఉదయం కొనుక్కోవచ్చు.