అప్‌డేట్: వాన లేకుండా చెరువు గట్టు ఎందుకు జారిందో తెలిసింది

పోయిన నెల నేను అడిగింది ఇది. పర్లాకిమిడి దగ్గర మా ఊరి చెరువు గట్టు లోపలి వాలు నడివేసవిలో జారిపోయింది. ప్రాజెక్టు కోసం లెక్క కడితే భద్రతా గుణకం (జార్చే బలానికి నిలబెట్టే బలం ఎన్ని రెట్లో చెప్పే అంకె, 1 కన్నా తగ్గితే వాలు జారుతుంది) 1.6 వస్తోంది, మరి ఎలా జారింది అని.

జవాబిచ్చిన అందరికీ థాంక్స్. "నీళ్లు ఎన్ని రోజుల్లో తీశారో ఊళ్లో కనుక్కో" అన్న సలహాయే దారి చూపించింది. చేపలు పట్టడానికి తూము పూర్తిగా ఎత్తి నాలుగు రోజుల్లో ఖాళీ చేశారట! చెరువు నిండుగా ఉంటే ఆ నీరే వాలును ఒత్తి నిలబెడుతుంది. అది పోయినా బంకమట్టి లోపలి నీరు అంత త్వరగా దిగదు, రంధ్రపీడనం (మట్టి రేణువుల మధ్య నీటి ఒత్తిడి) అలాగే ఉండిపోతుంది. నేను నిండు చెరువుకే లెక్క కట్టాను, తప్పంతా అక్కడే. మా గైడ్ గారు మట్టి బలం కొలిచే ట్రయాక్సియల్ పరీక్ష చేయించి, ఆ పీడనం కలిపి, వాలు నిలుస్తుందో లేదో చూసే బిషప్ పద్ధతిలో మళ్లీ లెక్కించమన్నారు. 0.94 వచ్చింది. మట్టి కట్టల స్థిరత్వం లెక్కకు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 7894 ప్రకారం, నీరు ఇలా త్వరగా తీసేసే స్థితికి కనీసం 1.3 ఉండాలి. 0.94 చూశాక ఆ రాత్రి నిద్రపట్టలేదు, ఆ గట్టు మీదే పిల్లలు బడికి నడిచి వెళ్తారు.

కొందరు అనుమానించిన ఎలుక బొరియలు, తాటి వేళ్లు కారణం కావు. తవ్వి చూశాం, బొరియలు జానెడు లోతే, జారిన తలం చాలా కింద ఉంది.

వాలును 1:3కి (ఒక అడుగు ఎత్తుకు మూడు అడుగుల అడ్డం) తగ్గించి, కంకర పొర మీద రాళ్లు పేరుస్తున్నారు. ఇకపై తూము కొద్దికొద్దిగానే ఎత్తుతామని ఊరి పెద్దలు ఒప్పుకున్నారు.