అప్‌డేట్ మధ్యలో ఆగిన వైఫై రౌటర్: టీఎఫ్‌టీపీ రికవరీ పనిచేయడం లేదు

నిన్న రాత్రి మా డ్యూయల్ బ్యాండ్ రౌటర్‌లో ఫర్మ్‌వేర్ (రౌటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ 60 శాతం దగ్గర ఉండగా కరెంటు పోయింది. అప్పటి నుంచి పవర్ లైటు ఒక్కటే 2 సెకన్లకోసారి మిణుకుమంటోంది; వైఫై పేరు కనిపించడం లేదు, 192.168.0.1 సెట్టింగుల పేజీ తెరుచుకోవడం లేదు. రీసెట్ బటన్‌ను 10 సెకన్లు, ఆపై 30 సెకన్లు నొక్కి ఉంచినా మార్పు లేదు. అయితే ఆన్ చేశాక ల్యాన్ కేబుల్ మీద పింగ్‌కు (కనెక్షన్ ఉందో లేదో చూసే పరీక్షకు) 3 సెకన్ల పాటు జవాబు వచ్చి ఆగిపోతోంది కనుక, బూట్‌లోడర్ (ఆన్ చేయగానే ముందుగా నడిచి ఫర్మ్‌వేర్‌ను లోడ్ చేసే చిన్న ప్రోగ్రామ్) బాగానే ఉందని నా అంచనా. ఆ ధైర్యంతోనే ల్యాప్‌టాప్‌కు 192.168.0.66 అనే స్థిర ఐపీ (మారని నెట్‌వర్క్ చిరునామా) ఇచ్చి, ఫైర్‌వాల్ ఆపి, అదే హార్డ్‌వేర్ వెర్షన్‌కు చెందిన ఫర్మ్‌వేర్ ఫైలును, బూట్‌లోడర్ తీసుకునేలా ల్యాప్‌టాప్‌లోని టీఎఫ్‌టీపీ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంపే సులువైన పద్ధతి) సర్వర్‌లో ఉంచి, రీసెట్ నొక్కిపట్టి రౌటర్ ఆన్ చేశాను. సర్వర్ లాగ్‌లో ఒక్క అభ్యర్థన కూడా నమోదు కాలేదు. ఐపీ చివర ఉండే 66 అనే సంఖ్య అన్ని మోడళ్లకూ ఒకటే కాకపోవచ్చు. రౌటర్ మూత విప్పకుండా, బూట్‌లోడర్ ఏ ఐపీని, ఏ ఫైలు పేరును వెతుకుతోందో కచ్చితంగా తెలుసుకోవడం ఎలా?