చిన్న క్రైస్తవ కాలేజీకి పాత విద్యార్థులు దగ్గరవ్వాలంటే అలుమ్నీ సంఘం ఎవరి చేతిలో ఉండాలి?

బందరు రోడ్డు:
మాది కృష్ణా డెల్టాలో ఒక చిన్న క్రైస్తవ కాలేజీ. పేరు రాయను, ఇక్కడున్నవాళ్లలో చాలామందికి తెలుసు. ఆగిపోయిన అలుమ్నీ సంఘాన్ని మళ్లీ మొదలుపెడదామని యాజమాన్యం పిలిచింది. ప్రిన్సిపాలే అధ్యక్షుడిగా, కాలేజీ ఆఫీసులోనే నడపాలని వాళ్ల ఉద్దేశం. బయట సొసైటీగా రిజిస్టర్ చేయించి సొంత ఖాతా, సొంత ఆడిట్ పెట్టుకోవాలని మాలో కొందరి పట్టు. నాది రెండో మాటే. కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం వస్తుందంటే తప్ప మేం వాళ్లకు గుర్తు రాము. గ్రేడు ఇచ్చేటప్పుడు అలుమ్నీ గురించి అడుగుతారు కాబట్టి హడావుడిగా ఫోన్లు చేస్తారు, టిఫిన్ పెడతారు, గ్రూప్ ఫోటో తీస్తారు. మీ కాలేజీల్లో ఎలా ఉంది?

పాలకొల్లు అమ్మాయి:
మా దగ్గరా అంతే. ఫోటో దిగాక మళ్లీ ఒక్క ఫోన్ కూడా రాలేదు.

రిటైర్డ్ మాస్టారు:
అందరికీ వందనాలు. నేను ఇలాంటి కాలేజీలోనే, ప్రభుత్వం జీతమిచ్చే ఎయిడెడ్ లెక్చరర్‌గా పనిచేసి రిటైరయ్యాను. బయట సొసైటీ అన్న మాటే నాకు నచ్చలేదు. బందరులో మిషనరీ నోబుల్ దొర బడి పెట్టింది 1843లో. గుంటూరు ఆంధ్రా క్రిస్టియన్ (ఏసీ) కాలేజీ 1885 నాటిది, ఎన్టీ రామారావుగారు బీఏ చదివింది అక్కడే. ఇవన్నీ మిషన్ సొమ్ముతో, విశ్వాసుల కానుకలతో లేచిన గోడలు. అలుమ్నీ సంఘం కూడా ఆ నీడలోనే ఉండాలి. మీటింగు ప్రార్థనతో మొదలవ్వాలి. ఈ మధ్య ఒక కాలేజీలో అది కూడా వద్దన్నారని విన్నాను, మనసు కష్టమైంది.

న్యూజెర్సీ నుంచి:
మాస్టారూ, ప్రార్థన గురించి ఎవరూ మాట్లాడలేదు. సమస్య డబ్బు. నాకు అమెరికా పాస్‌పోర్టు వచ్చింది. విదేశీ పౌరుణ్ని కాబట్టి నేను పంపేది విదేశీ విరాళాల చట్టమైన ఎఫ్‌సీఆర్‌ఏ కింద విదేశీ విరాళమే. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో ఎఫ్‌సీఆర్‌ఏ ఖాతాకే రావాలి. అక్కడికి వచ్చింది మరో సంస్థకు ఇవ్వడానికి వీల్లేదు. నా రూమ్మేట్‌కు ఇంకా ఇండియా పాస్‌పోర్టే. అతను సొంత సంపాదన మామూలుగా బ్యాంకులో పంపితే అది విదేశీ విరాళం కాదు. ఒకే గదిలో చదువుకున్న ఇద్దరికి రెండు దారులు. ఇది తేల్చకుండా సంఘం పెట్టి లాభం లేదు.

రిటైర్డ్ మాస్టారు:
డబ్బు, డబ్బు. మిమ్మల్ని డబ్బు ఎవరడిగారు బాబూ? ఏడాదికొకసారి వచ్చి పిల్లలతో మాట్లాడండి చాలు.

న్యూజెర్సీ నుంచి:
అడిగారు. ల్యాబ్‌కు కంప్యూటర్ల కోసం అడిగారు. ఇచ్చాను. రసీదు అడిగితే ఏడాది తిప్పారు. అప్పట్లో నా పాస్‌పోర్టు మారలేదు కాబట్టి ఇబ్బంది రాలేదు. ఇప్పుడు అలాగే పంపితే నాకూ ఇబ్బందే, కాలేజీకీ ఇబ్బందే. అందుకే రిజిస్ట్రేషన్, ఆడిట్ అంటున్నాను.

కొల్లేరు కుర్రాడు:
పన్ను మినహాయింపుకు పనికొచ్చే ఎనభై జీ రసీదు ఇస్తారా ఎవరైనా? మా కాలేజీలో ఆ మాట అడిగితే క్లర్కు నా మొహం చూశాడు.

రిటైర్డ్ మాస్టారు:
అసలు సంగతి రసీదుల్లో లేదు, వినండి. మా డిపార్ట్‌మెంట్‌లో ఒకరు రిటైరైతే ఆ పోస్టు నింపలేదు. రెండోవారు వెళ్లారు, నింపలేదు. 2021 ఆగస్టులో ఎయిడెడ్ మీద ఆర్డినెన్సు వచ్చాక, ఎయిడ్ వదులుకోవడానికి ఒప్పుకున్న కాలేజీల్లో మిగిలిన ఎయిడెడ్ వాళ్లను ప్రభుత్వ కాలేజీలకు పంపేశారు. ఉన్నవాళ్లు చిన్న జీతానికి రెండేళ్లు చేసి మానేసే పిల్లలు. పాత విద్యార్థి గేటులోకి వస్తే "ఏరా, మీ నాన్న ఆరోగ్యం ఎలా ఉంది" అని అడిగే మనిషి లేడు. నేనున్నప్పుడు సంక్రాంతి సెలవుల్లో స్టాఫ్ రూము బయట చెప్పులు పెట్టడానికి చోటుండేది కాదు. ఆ పిల్లలకు ఏ సంఘమూ లేదు, మెంబర్‌షిప్పూ లేదు.

పాలకొల్లు అమ్మాయి:
ఇది నిజం మాస్టారూ. నేను వెళ్లేది మా జువాలజీ మేడం కోసమే. ఆవిడ వెళ్లిపోయాక మళ్లీ వెళ్లలేదు.

బందరు రోడ్డు:
మాస్టారూ, మీరు చెప్పిన దాంతో నాకు పేచీ లేదు. కానీ మనుషులు లేరు కాబట్టే కాగితాల మీదైనా పేర్లు ఉండాలి కదా. యాజమాన్యం ఇచ్చిన ఫారం నా దగ్గర ఉంది. పేరు, బ్యాచ్, ఉద్యోగం, జీతం, చర్చి పేరు, కింద పాస్టరుగారి సంతకం. నేను హిందువుని. ఆ రెండు గళ్లలో ఏం రాయమంటారు?

రిటైర్డ్ మాస్టారు:
ఖాళీ వదిలేయండి. దానికింత రాద్ధాంతమెందుకు? క్రైస్తవ సంఘం కట్టిన కాలేజీ చర్చి పేరు అడిగితే తప్పేముంది?

హాస్టల్ బ్యాచ్:
ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను. తప్పేముందో నేను చెప్తాను. మా హాస్టల్ నుంచి ఉద్యోగాల్లోకి వెళ్లినవాళ్లలో ఒక్కరు కూడా ఆ ఫారం నింపరు. నాకు ఫోన్ చేసి మరీ చెప్పారు.

రిటైర్డ్ మాస్టారు:
ఎందుకు నింపరు? విశ్వాసం చెప్పుకోవడానికి సిగ్గా?

హాస్టల్ బ్యాచ్:
ఆ మాట వెనక్కి తీసుకోండి మాస్టారూ. సిగ్గు కాదు, భయం. మా ఉద్యోగాలు ఎస్సీ కోటాలో వచ్చినవి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను ఇప్పటికీ చేర్చలేదు. బాప్తిస్మం తీసుకున్నామని రాసిస్తే మన రాష్ట్రంలో బీసీ సీ కింద లెక్క, రిజర్వేషన్ ఒక్క శాతమే. 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరి కేసులో క్రైస్తవం పాటిస్తూ ఎస్సీ సర్టిఫికెట్ అడగడం కుదరదని తేల్చేసింది. ఇప్పుడు పాస్టరు సంతకంతో ఉన్న కాగితం కాలేజీ బీరువాలో ఉంటే, దాన్ని రేపు ఎవడు ఏ కలెక్టరాఫీసుకు పట్టుకెళ్తాడో మీరు చెప్పగలరా? మా నాన్న కూలి. నా ఉద్యోగమే మా ఇల్లు. అలుమ్నీ డిన్నర్ కోసం దాన్ని పణంగా పెట్టమంటారా?

రిటైర్డ్ మాస్టారు:
చట్టం అన్యాయంగా ఉంటే పోరాడాలి. క్రైస్తవ దళితుల కోసం మేం ధర్నాల్లో కూర్చున్నాం. దాచుకుంటే పోరాటం ఎలా గెలుస్తుంది?

హాస్టల్ బ్యాచ్:
మీరు పెన్షన్ తీసుకుంటూ పోరాడండి. నేను జీతం పోగొట్టుకుని పోరాడాలా? ఇంకో మాట. "సంఘం కట్టిన కాలేజీ" అని పదే పదే అంటున్నారు. నోబుల్ దొర మొదట్లో ఎవరి పిల్లల కోసం బడి నడిపాడో చదవండి. పైకులాల పిల్లల కోసం. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకున్నారని తెలిసి బడి ఖాళీ అయ్యింది. మావాళ్లకు ఆ తలుపులు తర్వాతే తెరుచుకున్నాయి. మా కాలేజీలోనూ హాస్టల్ పిల్లలం ఎప్పుడూ చివరి బెంచీలోనే. ఆదివారం ప్రార్థనకు రాకపోతే మెస్‌లో గుడ్డు ఆపేసేవారు. డే స్కాలర్లకు ఏ పట్టింపూ లేదు. ఇప్పుడు ఉద్యోగాలొచ్చాక మేం మీ బిడ్డలమయ్యామా?

కొల్లేరు కుర్రాడు:
గుడ్డు సంగతి నిజమే. మా దగ్గరా ఉండేది.

న్యూజెర్సీ నుంచి:
అన్నా, మీ బాధ అర్థమైంది. నాకు ఈ కోణం తట్టలేదు. అయినా ఖాతా సంగతి తేలాలి.

పాలకొల్లు అమ్మాయి:
ఖాతా తర్వాత చూద్దాం అన్నయ్యా. ఇక్కడ అసలు గొడవ ఎవరు ఈ కాలేజీ మనుషులు అన్నది. మా అమ్మ చర్చికి వెళ్తుంది, నేను వెళ్లను, మా ఆయన హిందువు. ఆ ఫారం నింపడానికి నేను కూడా కూర్చోను. విశ్వాసం అడిగే హక్కు మా పాస్టరుగారికుంది, ఆఫీసు క్లర్కుకు లేదు.

రిటైర్డ్ మాస్టారు:
మెస్ సంగతి నాకు తెలియదు. జరిగితే అది పాపమే, ఎవరు చేసినా. కానీ ప్రార్థన, సిలువ, ఆ పేరు తీసేసి కాలేజీని మామూలు ప్రైవేటు కాలేజీ చేస్తామంటే మాత్రం నేను ఒప్పుకోను. అవి లేకపోతే ఊళ్లో ఉన్న కార్పొరేట్ కాలేజీలకూ దీనికీ తేడా ఏముంది? పాస్టరు సంతకం మాత్రం ఎవరో అత్యుత్సాహంతో పెట్టి ఉంటారు. దాన్ని తీసేయమని నేనే ఉత్తరం రాస్తాను.

హాస్టల్ బ్యాచ్:
చర్చి గడి?

రిటైర్డ్ మాస్టారు:
అది ఉండాలనే నా అభిప్రాయం. ఇష్టమైనవాళ్లు రాస్తారు.

హాస్టల్ బ్యాచ్:
ఖాళీ వదిలినవాడెవడో, ఎందుకు వదిలాడో చూడగానే తెలిసిపోతుంది మాస్టారూ. మీరు లెక్చరర్‌గా చేసినవారు, మీకు వేరే చెప్పాలా?

బందరు రోడ్డు:
యాజమాన్యానికి మన తరఫున ఒక ఫారం నేను రాసి పంపుతాను. పేరు, గ్రూపు, ఏ సంవత్సరం, ఫోన్ నెంబరు. అంతే. మీటింగులో ప్రార్థన ఉంటుంది, మాస్టారే చేస్తారు, నేనూ నిలబడతాను. సొసైటీ, ఖాతా మాత్రం వదిలిపెట్టను, దాని మీద వేరే చర్చ పెడతాను. హాస్టల్ అన్నా, మీ బ్యాచ్ నెంబర్లు ఇస్తారా?

హాస్టల్ బ్యాచ్:
ఆ నాలుగు గళ్లే ఉంటే మా నెంబర్లన్నీ నేను పోగేసి తెస్తాను. ఐదోది కలిస్తే ఒక్కటి కూడా ఇవ్వను. ముందు ఫారం ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.