‘ఎవ్వనియందు డిందు’: నశించడమా, అణగడమా?

పొడిపదాలు: గజేంద్రమోక్షంలో “ఎవ్వనిచే జనించు” తర్వాత రెండో పాదం నాకు “ఎవ్వనియందు నుండు” అనే నోటికొస్తోంది. మొదటి పాదంలోనే “లోపల నుండు లీనమై” అయిపోయింది కదా, పోతన వెంటనే అదే మాట మళ్లీ వాడడు. లైనక్స్ కెర్నల్‌లో కెరెఫ్ (ఒక ఆబ్జెక్టుని ఎంతమంది వాడుతున్నారో లెక్కపెట్టే కౌంటర్) మీద తెలుగులో నోట్స్ రాస్తున్నా, పుట్టుక, ఉనికి, పోక ఒకే పద్యంలో ఉన్నాయని పైన పెడదామని. సరైన మాటేంటి?

గురులఘువు: “డిందు”. నుండు పెట్టినా గణం తప్పదు, అందుకే నాలుక జారుతుంది. డిందు అంటే నశించు. వాడేవాళ్ల కౌంట్ సున్నా, రిలీజ్ ఫంక్షన్, మెమరీ వదిలేసే కేఫ్రీ, అంతే.

స్లాబ్‌రాయుడు: అంతే ఎక్కడండీ? కేఫ్రీ చేసిన ముక్క కెర్నల్ మెమరీని ముక్కలుగా పంచే స్లాబ్‌లో ఖాళీల జాబితాకి చేరుతుంది, లోపలి బైట్లు చాలావరకు అలాగే పడుంటాయి, వాటిని పాత పాయింటర్‌తో తాకబట్టే యూజ్ ఆఫ్టర్ ఫ్రీ (వదిలేశాక వాడటం) బగ్గులు. పోతన కూడా ఇక్కడ “ఎవ్వనిచే” అనలేదు, “ఎవ్వనియందు” అన్నాడు. కాబట్టి అణగు, కలిసిపోవు.

గురులఘువు: సప్తమితో నశించు కుదరదని ఎవరన్నారు? నిఘంటువుల్లో రెండర్థాలూ ఉన్నాయి. పైగా కెర్నల్ 5.3 (2019) నుంచి ఇనిట్ ఆన్ ఫ్రీ అనే బూట్ ఆప్షన్ ఉంది, దాన్ని 1 చేసి బూట్ చేస్తే ఫ్రీ అయిన చోటంతా సున్నాలే. నశించినట్టే కదా.

స్లాబ్‌రాయుడు: బూట్ ఆప్షన్‌ని బట్టి పోతనకి అర్థం చెప్పడం బావుంది గురువుగారూ.

అరసున్న అభిమాని: ఒక్కరూ అరసున్న పెట్టలేదు. “ఎవ్వనియందుఁ డిందు”. అందున్ ద్రుతాంతం (చివర నకారం), దాని తర్వాత పరుషం సరళమవుతుంది (ట డ అవుతుంది), కనక అసలు మాట “టిందు” అని నా అనుమానం.

గురులఘువు: డిందు పుట్టుకతోనే డకారాది. కనబడిన ప్రతి డకారం వెనకా టకారం వెతకొద్దు.

ఓరుగల్లు చదువరి: నాకు ఆ పద్యంలో అన్నిటికన్నా “అనాదిమధ్యలయుడు” (ఆది, మధ్య, లయ లేనివాడు) ఇష్టం. కెర్నల్ మొట్టమొదటి ప్రాసెస్ ఇనిట్ టాస్క్ అచ్చం అదే. పీఐడీ (ప్రాసెస్ నంబరు) 0, ఎవరూ కేటాయించలేదు, కెర్నల్ ఇమేజ్‌లోనే స్టాటిక్‌గా ఉంటుంది, ఎవరూ ఫ్రీ చెయ్యరు. మిగతా ప్రాసెస్‌ల వంశం అక్కడే మొదలు, మూలకారణంబు!

స్లాబ్‌రాయుడు: ఆది లేదు, లయ లేదు, ఒప్పుకున్నా. మధ్య లేకపోవడమేంటి? పని లేని ఐడిల్‌గానైనా నడుస్తోందిగా.

గురులఘువు: మొదలూ చివరా ఉన్నదానికే మధ్య అనేది. ఇది కూడా చెప్పాలా?

పొడిపదాలు: డిందుకి రండి బాబూ. 2016లో బయటపడ్డ కీరింగ్ (కెర్నల్‌లో రహస్య కీలు దాచే గుత్తి) బగ్ ఉంది కదా, భద్రతా లోపాల జాబితాలో సీవీఈ-2016-0728. ఉన్న సెషన్ కీరింగ్‌లోనే మళ్లీ చేరితే పెంచిన కౌంట్ తగ్గించేవారు కాదు. అలా పెంచుకుంటూ పోతే 32 బిట్లు చుట్టి సున్నాకొస్తుంది, ఇంకా వాడుకలో ఉన్న ఆబ్జెక్టే ఫ్రీ అవుతుంది. అది అణగడమా, నశించడమా?

స్లాబ్‌రాయుడు: అకాలమృత్యువు. 2017లో కెర్నల్ 4.11తో వచ్చిన కౌంటర్ రకం రెఫ్‌కౌంట్‌_టీ అందుకే, చుట్టుకోకుండా పైనే బిగుసుకుపోతుంది. మెమరీ లీకైతే అయింది గానీ ప్రాణమున్నదాన్ని చంపదు. అలా లీకైనదానికి మొదటి పాదమే సరి: “లోపల నుండు లీనమై”.

అరసున్న అభిమాని: టిందు సంగతి దాటేశారు. తాళపత్ర ప్రతి చూసినవాళ్లు ఉన్నారా?

ఓరుగల్లు చదువరి: ముందు ఆ “మధ్య” తేల్చండి. గురువుగారి జవాబు నాకు ఎక్కలేదు.