ఎండీఎఫ్ పలకలతో ఒంగోలు గిత్త: గాడులు వదులు, భుజం దగ్గర విరుగుతోంది

ప్రశ్న:
3 మి.మీ. ఎండీఎఫ్ (చెక్క నారను జిగురుతో అదిమి చేసే పలక), లేజర్ కటింగ్. గిత్త పొడవు 300, వీపు ఎత్తు 200 మి.మీ. 3డీ నమూనాను పలకలుగా కోసిచ్చే సాఫ్ట్‌వేర్ ‘స్లైసర్ ఫర్ ఫ్యూజన్ 360’లో ఇంటర్‌లాక్డ్ స్లైసెస్ (గాడులతో ఒకదానిలో ఒకటి దిగే నిలువు, అడ్డ పలకలు) తీసుకున్నాను: పొడవునా 4 పలకలు, అడ్డంగా 11. గాడులన్నీ వదులుగా వచ్చాయి. కాళ్లున్న పొడుగు పలక భుజం దగ్గర పుటుక్కుమంటోంది. కొమ్ములు దేనికీ అతుక్కోకుండా విడి ముక్కలుగా వస్తున్నాయి. మూపురం కూడా సరిగ్గా తేలలేదు.

జవాబు 1:
పొడుగు పలకలు 4 కాదు, 5 పెట్టండి. సరి సంఖ్య అయితే సరిగ్గా మధ్యలో పలక ఉండదు. మూపురం, గంగడోలు, తోక, మొహం గీత అన్నీ పలికేది ఆ నడిమి పలకలోనే. అది లేకపోతే ఏ ఎద్దయినా ఒకటే. బయటి వైపు రెండు పలకలూ ఆ వైపు కాళ్ల మందానికి సరిగ్గా నడుమగా పోవాలి. అదే సాఫ్ట్‌వేర్‌లోని ‘మోడిఫై ఫార్మ్’లో ఒక్కో పలకనూ జరుపుకోవచ్చు.

గాడి సంగతి: 3 మి.మీ. అని అమ్మిన షీటు అంతే మందం ఉంటుందని నమ్మకండి. వెర్నియర్‌తో నాలుగైదు చోట్ల కొలవండి. 2.85 వచ్చి, కోతలో లేజర్ 0.15 తినేస్తే, గాడిని 2.70 గీయాలి. ముందుగా చిన్న ముక్క మీద 2.55 నుంచి 2.90 దాకా 0.05 తేడాతో 8 గాడులు కోసి చూడండి. బొటనవేలితో నొక్కితే దిగేదే సరైనది. సుత్తి కావాల్సి వస్తే ఎండీఎఫ్ అంచు పొరలుగా చీలుతుంది. రంగు వేసేటట్టయితే బిగించాకే వేయండి, పూత మందానికి గాడి పట్టదు.

జవాబు 2:
భుజం విరగడానికి కారణం మందం కాదండీ, గాడి లోతు. కాలి దగ్గర రెండు పలకలు కలిసే గీత వీపు నుంచి గిట్ట దాకా 200 మి.మీ. సాఫ్ట్‌వేర్ దాన్ని సగానికి పంచితే పొడుగు పలకలో 100 లోతు గాడి పడుతుంది. వీపు నుంచి పొట్ట దాకా ఒళ్లు లోతే 90! అంటే ఒళ్లు మొత్తం తెగి, కాలి పైభాగం ఒక్కటే రెండు వైపులనూ పట్టుకుని ఉంటుంది.

అక్కడ అడ్డ పలకను పొట్ట దగ్గరే ఆపేయండి, అప్పుడు గాడులు 45, 45. కాలికి విడిగా 22 వెడల్పు, 110 పొడవు పట్టీ కోసి, కింద నుంచి 55, 55 గాడులతో ఎక్కించండి. కాలు పైనుంచి చూస్తే కూడిక గుర్తులా ఉంటుంది, ఊగదు.

కొమ్ముల్ని ముక్కలు చేయనివ్వకండి. రెండూ కలిపి నెలవంకలా ఒకే అడ్డ పలకగా గీసి, నడిమి పలక నెత్తి మీద గాడిలో దించండి.

ప్రశ్న అడిగినవారు:
బిగించే వరుస ఏమిటి అన్నా?

జవాబు 2:
పొడుగు పలకలు ఐదూ నిలబెట్టి, ముందు ఛాతీ దగ్గర ఒకటి, తర్వాత తొంటి దగ్గర ఒకటి అడ్డంగా దించండి. మిగతావి మధ్యలోకి. కాళ్ల పట్టీలు, ఆఖరున కొమ్ములు. ఫెవికాల్ అంతా కుదిరాకే, మూలకో చుక్క. ముందే పూస్తే నీటికి ఎండీఎఫ్ ఉబ్బి గాడి మూసుకుపోతుంది.