హాస్టళ్లలో నలోక్సోన్ ఉంచాలా, వద్దా?

కాజీపేట తండ్రి:
మా అబ్బాయి హనుమకొండలో ఇంజినీరింగ్ చదువుతూ హాస్టల్లో ఉంటాడు. మొన్న తల్లిదండ్రుల సమావేశంలో ఒకాయన లేచి, ఓపియాయిడ్ (నల్లమందు, మార్ఫిన్ తరహా) మత్తుమందు మోతాదు మించినప్పుడు ప్రాణం నిలిపే నలోక్సోన్‌ను హాస్టల్ మందుల పెట్టెలో ఉంచాలన్నారు. నేను వ్యతిరేకించాను. విరుగుడు పెట్టడమంటే, పిల్లలు మత్తుకు దిగుతారని ముందే ఒప్పుకోవడం. మీరేమంటారు?

జగిత్యాల మందుల దుకాణం:
వద్దనే నేనూ అంటాను, కారణం వేరు. మన జిల్లాల బాధ ఆల్ప్రజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి నిద్రమందులు. కల్లు కాంపౌండ్లలో కలిపేది వాటినే. అలవాటైన కల్తీ కల్లు హఠాత్తుగా ఆగిపోతే ఫిట్స్ వచ్చి, మతి తప్పి ఆస్పత్రుల పాలైనవారిని నిజామాబాద్, కామారెడ్డి వైపు అందరూ చూశారు. వాటి మీద నలోక్సోన్ పనిచేయదు. అది పనిచేసే ఫెంటానిల్ లాంటి ఓపియాయిడ్లు అమెరికా గొడవ. ఆ ఖర్చేదో వ్యసన విముక్తి కేంద్రాలకు పెట్టండి.

ఓరుగల్లు నర్సు:
ఆల్ప్రజోలం మీద నలోక్సోన్ పనిచేయదన్నది నిజమే. నా భయం మొదలయ్యేది అక్కడే. అమెరికాలో, బ్రిటన్‌లో అచ్చం ఆల్ప్రజోలంలా కనిపించే నకిలీ బిళ్లల్లో ఫెంటానిల్, నిటజీన్లు అనే బలమైన కృత్రిమ ఓపియాయిడ్లు బయటపడ్డాయి. కొన్నవాడు మామూలు నిద్రమాత్రే అనుకుని మింగాడు. ఆల్ప్రజోలానికి ఇంతగా అలవాటుపడిన మన ప్రాంతంలో అలాంటి బిళ్లకు గిరాకీని కొత్తగా పుట్టించనక్కర్లేదు.

ఫెంటానిల్‌ను 1960 ప్రాంతంలో బెల్జియంలో పాల్ జాన్సెన్ శస్త్రచికిత్సల నొప్పి కోసం తయారుచేశాడు. ఆపరేషన్ థియేటర్లో ఇప్పటికీ మైక్రోగ్రాముల లెక్కన, శ్వాసను కనిపెట్టుకుంటూ ఇస్తారు. మార్ఫిన్ కంటే 50 నుంచి 100 రెట్లు బలమైనది. అలవాటు లేని మనిషి ప్రాణం తీయడానికి 2 మిల్లీగ్రాములు చాలు. ఏదో గదిలో పొడి కలిపి బిళ్లలు అచ్చువేసేవాడు అంత కొద్ది మందును సమంగా కలపలేడు. ఒకే పొట్లంలో ఒక బిళ్లలో దాదాపు ఏమీ ఉండదు, పక్కదానిలో చావు ఉంటుంది. 'మా స్నేహితుడు వేసుకున్నాడు, ఏమీ కాలేదు' అనే మాటను అందుకే నమ్మకూడదు. ఫెంటానిల్ ఉన్న నకిలీ బిళ్లలను అమెరికా మాదకద్రవ్యాల నిరోధక సంస్థ 2023లో పరీక్షిస్తే 10కి 7 బిళ్లల్లో ప్రాణాంతకమయ్యేంత మోతాదు ఉంది.

ఆ చావు నిద్రలా కనిపిస్తుంది. కంటిపాపలు సూదిమొనంత అవుతాయి, గొంతులో గురగుర వినిపిస్తుంది, పెదవులు నీలంగా మారతాయి. గదిలోవాళ్లు 'పడుకున్నాడులే' అని దుప్పటి కప్పి వెళ్లిపోతారు. ఊపిరి ఆగితే నాలుగైదు నిమిషాల్లో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. అంబులెన్స్ వచ్చి ఎంజీఎం ఆస్పత్రికి చేర్చేదాకా ఆ నిమిషాలు ఆగవు.

కాజీపేట తండ్రి:
సిస్టర్ గారూ, విరుగుడు పక్కనే ఉందన్న ధైర్యంతో మరింత మంది వాడరా?

ఓరుగల్లు నర్సు:
అలవాటుపడిన మనిషికి నలోక్సోన్ ఇస్తే వాంతులు, వణుకు, ఒళ్లంతా నొప్పులు మొదలవుతాయి. దాన్ని చూసుకుని ధైర్యం తెచ్చుకునేవారు ఉండరండి. పైగా దాని ప్రభావం 30 నుంచి 90 నిమిషాలే. అది తగ్గాక మళ్లీ ఊపిరి ఆగవచ్చు, కాబట్టి ఆస్పత్రికి వెళ్లక తప్పదు. ఒంట్లో ఓపియాయిడ్ లేకపోతే మేలూ చేయదు, కీడూ చేయదు. అమెరికాలో 2023లోనే దాని ముక్కు స్ప్రేను డాక్టరు చీటీ లేకుండా అమ్మడానికి అనుమతించారు.

కరీంనగర్ లా విద్యార్థి:
అసలు అడ్డంకిని ఎవరూ ఎత్తలేదు. గదిలో ఒకడు పడిపోతే మిగతావాళ్లు 108కు ఫోను చేయరు. మాదకద్రవ్యాల చట్టంలోని 27వ సెక్షన్ ప్రకారం వాడటం కూడా నేరమే, తామూ ఇరుక్కుంటామని భయపడతారు. తనంతట తాను చికిత్సకు వచ్చిన వ్యసనపరుడికి 64ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది. ఫోను చేసిన స్నేహితుడికి అలాంటి భరోసా లేదు. రోడ్డు ప్రమాదంలో సాయపడినవారికి మోటారు వాహనాల చట్టం 134ఏ ఇచ్చే రక్షణ వీళ్లకెందుకు ఉండకూడదు? మందు కంటే ముందు దాన్ని అడగండి.

ఓరుగల్లు నర్సు:
రెండూ అడుగుదాం తమ్ముడూ, ఒకదాని కోసం ఇంకొకటి ఆపవద్దు. చట్టం మారేలోపు ప్రిన్సిపాల్ ఒక పని చేయవచ్చు: ఫోను చేసిన విద్యార్థి మీద కాలేజీ చర్య తీసుకోదని రాతపూర్వకంగా ప్రకటించవచ్చు. ఊపిరి మందగించినవాడికి నోటితో శ్వాస ఎలా అందించాలో, శ్వాస ఆడుతుంటే పక్కకు ఎలా తిప్పి పడుకోబెట్టాలో ప్రతి అంతస్తులో ఇద్దరికైనా నేర్పాలి. దుకాణదారు గారు చెప్పిన ఆల్ప్రజోలం కేసులోనూ ఇవి పనికొస్తాయి.

జగిత్యాల మందుల దుకాణం:
నేర్పడం దాకా సరే. చీటీ లేకుండా అమ్మడానికి మాత్రం నేను ఒప్పుకోను.

కాజీపేట తండ్రి:
శిక్షణ పొందిన మనిషి చేతిలో, వార్డెన్ గదిలో ఉంచేటట్లయితే వచ్చే సమావేశంలో నేను అడ్డుచెప్పను.

ఓరుగల్లు నర్సు:
వార్డెన్ గదికి రాత్రి పదింటికి తాళం పడుతుందండి. రాత్రంతా మనిషి ఉండే కాపలా గదిలో పెట్టమనండి.