టెక్స్చర్ వేస్తే వాల్‌పేపర్ బురదబురదగా వస్తోంది, గింప్ తెలిసినవాళ్లు చెప్పండి

కిమిడి కుర్రాడు:
అందరికీ నమస్తే. మాది పర్లాకిమిడి. లాప్‌టాప్‌కి సొంతంగా వాల్‌పేపర్ చేసుకుందామని గింప్ అనే ఉచిత ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కూర్చున్నాను. అడుగున మబ్బు పట్టిన మహేంద్రగిరి, దాని మీద మా వీధిలో పెచ్చులూడిన పాత సున్నపు గోడ, ఆ పైన అమ్మ బరంపురం పట్టుచీర అంచు, అన్నీ ఫోన్‌తో నేనే తీసిన ఫోటోలు. ఎప్పటిదో ఒక పాఠం చూసి గోడ లేయర్‌కి (అంటే గోడ ఫోటో ఉన్న పొరకి) ఓవర్‌లే మోడ్ (పై పొర కింది పొరతో కలిసే ఒక పద్ధతి) పెట్టాను. ఆ పాఠం చెప్పినాయనకి ఎంత మెత్తగా వచ్చిందో, నాకేమో కొండ పచ్చదనం పోయి గోడ పసుపంతా దానికి పాకింది, పైగా ఒక మూల తెల్లగా, ఇంకో మూల నల్లగా. ఒపాసిటీ (పొర ఎంత గాఢంగా కనబడాలో ఆ శాతం) తగ్గిస్తే గోడ లేదు, పెంచితే కొండ లేదు. స్క్రీన్ 1366×768. ఫోటోషాప్ కొనుక్కోమని మాత్రం చెప్పకండి బాబూ.

రాయగడ డిజైనర్:
కొనక్కర్లేదు తమ్ముడూ, దీనికి గింప్ చాలు. ముందు ఓవర్‌లే సంగతి. గింప్ 2.8 వెర్షన్ దాకా మెనూలో ఓవర్‌లే అని ఉన్నా లోపల జరిగేది సాఫ్ట్ లైట్ అనే ఇంకో మెత్తటి మోడ్ లెక్కే. 2018లో వచ్చిన 2.10లో దాన్ని సరిచేశారు, అందుకే ఇప్పటి ఓవర్‌లే ఘాటుగా ఉంటుంది. నువ్వు చూసింది అంతకు ముందు పాఠం అయ్యుంటుంది. సాఫ్ట్ లైట్ పెట్టి చూడు, సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

రెండోది, గోడ దగ్గర మనకి కావలసింది గరుకుతనం, దాని రంగు కాదు. కలర్స్ మెనూలో డీశాచురేట్ చేసెయ్, అంటే రంగు తీసెయ్, పసుపు పాకడం ఆగుతుంది. ఇక ఆ తెలుపు నలుపు మూలలు ఎందుకంటే, గోడ మీద వెలుగు ఒకవైపు నుంచి పడింది, ఆ తేడా కూడా లేయర్‌తో పాటే వచ్చేసింది. ఫిల్టర్స్‌లో ఎన్‌హాన్స్ కింద హై పాస్ అని ఉంటుంది, అది వెయ్. గోడంతా ఒకే బూడిద రంగులోకి వచ్చి గీతలు, పెచ్చులు మాత్రం తేలతాయి. సాఫ్ట్ లైట్‌లో సరిగ్గా మధ్యస్థం బూడిద ఉన్నచోట కింది బొమ్మ మారదు, అంతకన్నా తెల్లగా ఉంటే వెలుగు వస్తుంది, నల్లగా ఉంటే ముదురుతుంది, కిటుకంతా ఇదే. హై పాస్‌లో మొదటి విలువ చిన్నదైతే సన్న గీతలే మిగులుతాయి, పెంచేకొద్దీ పెద్ద మరకలు కూడా వస్తాయి. 2025లో వచ్చిన 3.0 ఉంటే ఈ విలువల్ని తర్వాత కూడా మార్చుకోవచ్చు, పాతది అయితే లేయర్‌కి కాపీ ఒకటి దాచుకో.

ఇంకోటి, కాన్వాస్ మొదటే 1366×768 పెట్టుకుని వంద శాతం జూమ్‌లో చూస్తూ చెయ్. పెద్ద సైజులో చేసి చివర్లో కుదిస్తే ఆ గరుకంతా అరిగిపోతుంది.

పట్టు అక్క:
నేను బరంపురం నుంచి. చీర అంచు అసలు టెక్స్చర్ కాదు తమ్ముడూ, అది డిజైను, దాన్ని బొమ్మంతా పరిస్తే గందరగోళమే. ఒక పట్టీలా కత్తిరించి పెట్టు. కింద పెడితే టాస్క్‌బార్ మింగేస్తుంది, ఎడమవైపు ఐకాన్లు, కాబట్టి కుడి పక్కన నిలువుగా. లోపలి అంచు మీద లేయర్ మాస్క్ (పొరలో ఏ భాగం కనబడాలో చెప్పే తెర) వేసి నలుపు తెలుపు గ్రేడియంట్ లాగితే కొండలోకి కలిసిపోతుంది. నల్లటి నేత మీద జరీ అయితే మోడ్ స్క్రీన్ పెట్టు, నలుపు మాయమై జరీ ఒక్కటే మిగులుతుంది. ఫోటో మాత్రం ఫ్లాష్ లేకుండా నీడలో తియ్యి, ఫ్లాష్ పడితే జరీ అంతా తెల్లటి మచ్చే. నేత చాలా సన్నం కదా, చిన్నది చేసినప్పుడు లేని చారలు పుడతాయి. కుదించే ముందు గాసియన్ బ్లర్ (బొమ్మని మసక చేసే ఫిల్టర్) కొంచెం వేస్తే ఆ బాధ తగ్గుతుంది.

జయపురం బాబాయ్:
ఇవన్నీ బాగానే ఉన్నాయి గానీ ఐకాన్ల కింద పేర్లు కనబడాలి కదర్రా! ఎడమ సగం మీద గోడ ఒపాసిటీ పదిహేను, ఇరవై శాతం దాటనివ్వకు. మబ్బులో మెట్లుమెట్లుగా చారలు కనిపిస్తే మాత్రం కంగారు పడకు, అక్కడ కాస్త నాయిస్ (సన్నటి చుక్కలు) వేస్తే పోతాయి. సేవ్ పీఎన్‌జీలో చెయ్యి, జేపెగ్ ఇస్తే విండోస్ తన తరఫున ఇంకోసారి కుదిస్తుంది.

కిమిడి కుర్రాడు:
హై పాస్ వేశాను అన్నా, మూలల తేడా పోయింది, కొండ మళ్లీ పచ్చగా వచ్చింది! చీర కుడి పక్కకి మార్చాను, అక్క చెప్పినట్టే. అమ్మ మాత్రం అంచు ఇంకా వెడల్పుగా కనబడాలంటోంది, చూడాలి. ఊరి పేరు పైన తెలుగులో, కింద ఒడియాలో రాద్దామనుకుంటున్నాను, ఒత్తులు విడిపోకుండా వస్తాయా?

రాయగడ డిజైనర్:
గింప్‌లో యూనికోడ్ ఫాంట్‌తో టైప్ చేస్తే రెండూ సరిగానే వస్తాయి. తెలుగుకి ఒక ఫాంట్, ఒడియాకి వేరే ఫాంట్, రెండు వేర్వేరు టెక్స్ట్ లేయర్లు పెట్టు, సైజులు విడివిడిగా సరిచేసుకోవాల్సి ఉంటుంది. అక్షరాలు గోడ లేయర్‌కి కింద ఉంటే గోడ మీద రాసినట్టు వస్తాయి, పైన పెడితే అతికించినట్టు ఉంటాయి. కిందే పెట్టు. అయ్యాక బొమ్మ ఇక్కడ పెట్టడం మర్చిపోకు.